రాకెట్ శబ్దం ఫోన్‌లో ఎందుకు పడదు? నాన్నకి వినిపిస్తే "ఇది కాదురా" అన్నారు

రామంతపూర్_రవి
జులై 30న నిసార్ ఉపగ్రహాన్ని తీసుకెళ్లిన జీఎస్ఎల్‌వీ-ఎఫ్16 చూడ్డానికి హైదరాబాద్ నుంచి పనిగట్టుకుని సూళ్లూరుపేట వెళ్లొచ్చాను. గ్యాలరీలో చోటు దొరకలేదు. పులికాట్ సరస్సు మధ్యగా శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు మీద జనం ఎక్కడ ఆగితే నేనూ అక్కడే ఆగాను. మ్యాప్‌లో కొలిస్తే లాంచ్‌ప్యాడ్ అక్కడికి 17 కిలోమీటర్లు. సాయంత్రం 5:40కి రాకెట్ లేచింది, ఫోన్‌లో మొత్తం తీశాను. చూడ్డానికి బ్రహ్మాండం. ఆ తర్వాత ఎప్పటికో శబ్దం వచ్చింది. చెవులతో విన్నట్టు లేదు, ఛాతీ మీద ఎవరో అరచేత్తో తడుతున్నట్టుంది.

ఇంటికొచ్చి ప్లే చేస్తే అందులో ఏమీ లేదు. మొదట జనం కేకలు, ఈలలు. తర్వాత గాలి. ఆ తర్వాత పాత చీర చింపుతున్నట్టు ఒక గరగర, అంతే.

నా ఒక్కడి కోసమైతే ఇంత బాధపడను. మా నాన్నది సూళ్లూరుపేట. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 లేచిన పొద్దుటి నుంచి, ఊళ్లో ఉంటే చాలు ప్రతి రాకెట్టుకీ మేడెక్కిన మనిషి. గ్లకోమాతో చూపు పోయింది, నాలుగేళ్లుగా నా దగ్గరే ఉంటున్నారు. ఆయనకి వినిపిద్దామనే వెళ్లాను. బ్లూటూత్ స్పీకర్‌లో పెట్టాను. చివరిదాకా విని "ఇది కాదురా" అన్నారు. ఇంకో మాట మాట్లాడలేదు.

తప్పెక్కడ జరిగింది? ఫోన్ మంచిదే. మైక్ కొనాలా? మళ్లీ వెళ్తాను, ఈసారి మాత్రం సరిగ్గా పట్టుకురావాలి.

ట్రైపాడ్_రాజు
ఫోన్ పక్కన పెట్టు బ్రో. కెమెరా మీద పొడుగు షాట్‌గన్ మైక్ పెట్టి రాకెట్ వైపు తిప్పు, మిగతా గోలంతా పోయి రాకెట్ ఒక్కటే వస్తుంది. నేను చంద్రయాన్-3కి అలాగే తీశాను.

మైక్_మావయ్య
రాజూ, తొందరపడి అతనితో డబ్బు ఖర్చు పెట్టించకు. నేను ఇరవై ఏళ్లుగా షూటింగుల్లో లొకేషన్ సౌండ్ చేస్తున్నాను. షాట్‌గన్ మైక్ మనిషి మాట పట్టుకోడానికి పుట్టింది, కింది బేస్ దానికి సరిగ్గా అందదు. రాకెట్ బలమంతా ఆ కింద, కొన్ని పదుల హెర్ట్జ్‌ల దగ్గరే ఉంటుంది. నాజిల్, అంటే మంట బయటికి వచ్చే గొట్టం మూతి, ఎంత పెద్దదైతే శబ్దం అంత కిందికి దిగుతుంది. దీనికి కావలసింది అన్ని వైపులా వినే ఓమ్నీ మైక్. జనం గోల కూడా వస్తుంది, నిజమే. అందుకే జనానికి దూరంగా పెట్టాలి.

రవి గారూ, మీ ఫోన్ ఏం చేసిందో చెప్తాను. అందులో ఆటో గెయిన్ ఉంటుంది, అంటే శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో ఫోనే నిర్ణయించుకుంటుంది. రాకెట్ కదలగానే మీ పక్కనున్న వాళ్లు అరిచారు కదా, వెంటనే గెయిన్ తగ్గించేసుకుంది. తర్వాత అందరూ చూస్తూ ఊరుకున్నారు, మళ్లీ పెంచుకుంది, అందుకే మధ్యలో గాలి హోరు. అసలు శబ్దం వచ్చేసరికి మళ్లీ నొక్కేసింది. అది చాలక, ఒకే తీరుగా సాగే మోతని ఏసీ మోతో గాలి మోతో అనుకుని తీసేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఫోన్ తన పని తాను బాగానే చేసింది. కాకపోతే ఆ పని ఫోన్ కాల్‌కి పనికొచ్చేది, రాకెట్టుకి కాదు.

ఇంకొకటి. బ్లూటూత్ స్పీకర్ అన్నారు, అరచేతిలో పట్టేదే కదా? అది ఆ కింది శబ్దాన్ని పలకనే పలకదు. ఫైల్‌లో ఎంతో కొంత ఉండే ఉంటుంది. చెవులు మొత్తం మూసుకునే వైరు హెడ్‌ఫోన్ ఎవరినైనా అడిగి దాంట్లో వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

నెల్లూరు_చేపలపులుసు
పాత చీర చింపినట్టు అన్నావు చూడు, సరిగ్గా అదే. నేను గ్యాలరీలో కూర్చుని విన్నప్పుడు కూడా అట్టాగే ఉండింది. అది ఫోన్ తప్పు కాదేమో?

ఫిజిక్స్_టీచరమ్మ
చేపలపులుసు గారు చెప్పింది నిజం. ఆ చిరుగుడు రాకెట్‌లోనే ఉంది. ఇంగ్లీషులో క్రాకిల్ అంటారు. శబ్దం మరీ బలంగా ఉన్నప్పుడు గాల్లో అల మామూలుగా ప్రయాణించదు. అలలో ఒత్తిడి ఎక్కువున్న భాగం కాస్త వేగంగా, తక్కువున్న భాగం నెమ్మదిగా పోతాయి. పోనుపోను అల ముందుభాగం నిటారుగా గోడలా తయారవుతుంది. అలాంటి గోడలు వరసగా వచ్చి చెవికి తగిలితే పటపట చిరుగుతున్నట్టు వినిపిస్తుంది. చాలామంది దాన్ని విని మైక్ పాడైందనుకుని ఎడిటింగ్‌లో నునుపు చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

మైక్_మావయ్య
మేడం చెప్పింది ఒప్పుకుంటాను, కానీ గాలి మైక్‌కి కొట్టినా, గెయిన్ ఎక్కువై శబ్దం విరిగినా (క్లిప్పింగ్ అంటారు) దాదాపు అలాంటి మోతే వస్తుంది. రెండూ కలిసిపోయి ఉండొచ్చు. ఎడిటింగ్ యాప్‌లో వేవ్‌ఫామ్, అంటే శబ్దం గీత బొమ్మ, తెరిచి చూడండి. శిఖరాలు కత్తితో కోసినట్టు ఒకే ఎత్తులో తెగిపోయి ఉంటే అది విరగడం. పైకి సూదుల్లా లేచి, కిందివైపు అంత లేకపోతే అది క్రాకిల్.

టైటస్‌విల్_తెలుగు
ఫ్లోరిడా నుంచి. మా ఇంటి దగ్గర నది ఒడ్డున నిలబడితే కెనడీ స్పేస్ సెంటర్ ప్యాడ్‌లు ఎదురుగా కనిపిస్తాయి, దూరం 19 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2022 నవంబర్ 16న అర్ధరాత్రి దాటాక 1:47కి ఆర్టెమిస్-1 లేచినప్పుడు పిల్లల్ని లేపి తీసుకెళ్లాను. రాత్రి పగలైంది, ఎక్కడా చప్పుడు లేదు. దాదాపు నిమిషం తర్వాత వచ్చింది. మా చిన్నది నా కాలు పట్టేసుకుంది. పార్కింగ్‌లో కార్ల అలారాలు మోగడం మొదలుపెట్టాయి.

ఆ రోజు బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు చుట్టూ మైక్‌లు పెట్టి కొలిచారు. ఒకటిన్నర కిలోమీటరు దూరంలో 136 డెసిబెల్స్, 5 కిలోమీటర్ల అవతల కూడా 129. టీచరమ్మ గారు చెప్పిన చిరుగుడు మీద కూడా వాళ్లు చాలా పని చేశారు.

నేను ఫోన్‌లో తీసింది రవి గారి వీడియోలాగే ఉంది. అలారాలు మాత్రం చక్కగా పడ్డాయి.

దూరం_నుంచి
17 కి.మీ. అంటే శబ్దం ఎంతసేపటికి రావాలి?

ఫిజిక్స్_టీచరమ్మ
ఉరుముకి పిల్లలు లెక్కపెట్టే లెక్కే. కిలోమీటరుకి సుమారు 3 సెకన్లు. మన ఎండకి శబ్దం సెకనుకి 350 మీటర్లు పోతుందనుకుంటే 17 కి.మీ.కి 48, 49 సెకన్లు. రవి గారూ, మీ వీడియోలో చూసి చెప్పండి. మా తొమ్మిదో తరగతి పిల్లలకి లెక్కగా ఇస్తాను.

రామంతపూర్_రవి
చూశాను. మంట కనిపించిన 49 సెకన్లకి గరగర మొదలైంది మేడం! కానీ ఒక అనుమానం. మొదట చిన్నగా బుసలాగా వచ్చి, ఒక ఐదు సెకన్ల తర్వాత ఒక్కసారి పెద్దదైంది. అది గాలా?

ఫిజిక్స్_టీచరమ్మ
రవి గారూ, మీ ఫోన్‌ని మరీ తిట్టుకోకండి, అది మంచి సంగతే పట్టింది! జీఎస్ఎల్‌వీలో మధ్యలో ఘన ఇంధనం మోటార్, చుట్టూ దానికి కట్టిన నాలుగు ద్రవ ఇంధనం ఇంజన్లు (స్ట్రాప్ఆన్‌లు) ఉంటాయి. ముందు ఆ నాలుగూ వెలుగుతాయి, అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయని తేలాక 4.8 సెకన్లకి మధ్యది అంటుకుంటుంది, అప్పుడు రాకెట్ లేస్తుంది. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆపడం కుదరదు కాబట్టి ఆ వరస. మీరు విన్న బుస ద్రవ ఇంజన్లది, తర్వాతి దెబ్బ మధ్య మోటార్‌ది.

టైటస్‌విల్_తెలుగు
అవును! ఇక్కడ స్పేస్ షటిల్‌కీ అంతే ఉండేది, కింద మెయిన్ ఇంజన్లు ఆరున్నర సెకన్లు ముందు, తర్వాత పక్క బూస్టర్లు. పాత వీడియోలు ఇప్పుడు మళ్లీ వినాలనిపిస్తోంది.

ట్రైపాడ్_రాజు
నాదో సలహా. ఎడిటింగ్‌లో ఆ 49 సెకన్లు కోసేసి, శబ్దాన్ని మంటకి కలిపేయి. చూసేవాళ్లకి అలాగే బాగుంటుంది. నేను ఎప్పుడూ అంతే చేస్తాను. లేకపోతే కింద కామెంట్లలో అందరూ "సౌండ్ ఏది" అని అడుగుతారు.

నెల్లూరు_చేపలపులుసు
అబ్బ, అది మాత్రం చెయ్యొద్దన్నా. ఆ ఎదురుచూపే కదా అసలుది. రాకెట్ మబ్బులోకి దూరిపోతా ఉంటే, కింద మనం ఊపిరి బిగబట్టుకొని ఉంటే, అప్పుడు వస్తాది. కలిపేస్తే అది టీవీలో చూసినట్టే.

ట్రైపాడ్_రాజు
టీవీలో చూసినట్టు ఉంటే తప్పేంటి, నలుగురూ చూడాలనే కదా తీసేది. లక్షమంది చూస్తారు, అందులో పదిమంది పిల్లలకైనా రాకెట్ల మీద ఆసక్తి కలుగుతుంది. ఎదురుచూపు అంటూ ఒక నిమిషం ఖాళీగా ఉంచితే ఎవరూ ఆగరు, వేలితో పైకి తోసేస్తారు.

ఫిజిక్స్_టీచరమ్మ
రాజు గారూ, మీ ఉద్దేశం మంచిదే. కానీ కలిపిన వీడియోలు చూసి మా పిల్లలు 17 కిలోమీటర్ల నుంచి కూడా శబ్దం అప్పుడే వస్తుందనుకుంటున్నారు. కనీసం శబ్దం జరిపాం అని ఒక ముక్క రాయండి.

ట్రైపాడ్_రాజు
అది న్యాయం. రాస్తాను.

మైక్_మావయ్య
ఆయన నాన్నగారికి చూపు లేదు రాజూ. ఆయనకి మంట కనిపించదు. దేనికి కలుపుతావు? ఆయన దగ్గర ఉన్నది శబ్దం ఒక్కటే. ఆ నిశ్శబ్దం కూడా శబ్దంలో భాగమే.

ట్రైపాడ్_రాజు
ఇది ఆలోచించలేదు. సారీ రవి.

రామంతపూర్_రవి
సారీ ఎందుకు బ్రో. పక్కింటి అబ్బాయి దగ్గర మంచి హెడ్‌ఫోన్ ఉంటే తెచ్చాను, నాన్నకి పెట్టాను. ఈసారి ముఖం మారింది. చెయ్యి ఎత్తి మాట్లాడొద్దని సైగ చేశారు. అయిపోయాక అన్న మాట: "రాకెట్ వచ్చిందిరా. ఇల్లు రాలేదు."

ఏంటి నాన్నా అంటే "కిటికీ ఏది" అన్నారు. నాకు అర్థం కాలేదు.

సూళ్లూరుపేట_కుర్రోడు
నాకు అర్థమైంది. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గాని రాయను, ఇది చూశాక ఆగలేకపోయాను.

మా ఊళ్లో పాత ఇళ్లకి టేకు కిటికీలు, ఇనప గడియలు. గడియకీ అది దూరే కన్నానికీ మధ్య కొంచెం సందు ఉంటాది. రాకెట్ లేచిన నిమిషం పైచిలుకుకి ఇంట్లో ముందు ఆ గడియలు టకటకటకా కొట్టుకోవడం మొదలుపెడతాయి, తర్వాత గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా గణగణమంటాయి, వీటన్నిటి వెనక ఎక్కడో రాకెట్ మోత. ఇంట్లో ఉన్నవాళ్లకి రాకెట్ శబ్దం అంటే అదే. రవన్న వాళ్ల నాన్న అడుగుతున్నది ఆ కిటికీనే. ఇప్పుడు కట్టే ఇళ్లకి అద్దాల స్లైడింగ్ కిటికీలు, అవి అట్టా పలకవు.

మా అమ్మమ్మ ఇంటికి ఇప్పటికీ అవే కిటికీలు.

రామంతపూర్_రవి
తమ్ముడూ, ఇది చదివి నాన్నకి చెప్పాను. "గ్లాసులు కూడా చెప్పాడా? మీ అమ్మ ముందే దించి కింద పెట్టేది" అన్నారు. తర్వాత గంటసేపు రాకెట్ల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. చాలా నెలలైంది ఆయన అంతసేపు మాట్లాడి.

నెల్లూరు_చేపలపులుసు
కళ్లు చెమర్చాయి అబ్బయ్యా.

మైక్_మావయ్య
అయితే ఇది రోడ్డు మీద చేసే రికార్డింగ్ కాదు, ఇంట్లో చేసేది. కుర్రోడా, మీ అమ్మమ్మ గారు ఒప్పుకుంటే నా జూమ్ ఎఫ్3 రికార్డర్, రెండు ఓమ్నీ మైక్‌లు కొరియర్‌లో పంపిస్తాను. ఎఫ్3 ఎందుకంటే అది 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తుంది, గెయిన్ తిప్పేది ఏమీ ఉండదు, నువ్వు కొత్తవాడివైనా చెడగొట్టలేవు. పెద్దగా వచ్చినా విరగదు, చిన్నగా వచ్చినా తర్వాత పెంచుకోవచ్చు.

32 బిట్ ఉంటే ఇక దేనికీ భయం లేదని నెట్‌లో రాస్తారు, నమ్మొద్దు. అది కాపాడేది రికార్డర్‌ని. మైక్ లోపలి పొరే తట్టుకోలేకపోతే అక్కడే విరిగిపోతుంది, దాన్ని ఏ బిట్లూ బాగుచేయలేవు. ప్యాడ్ పక్కన పెట్టేవాళ్లకి ఆ గొడవ. మీ ఊరు అంత దగ్గర కాదు కాబట్టి పర్లేదు.

దూరం_నుంచి
ముక్కూ మొహం తెలియని కుర్రాడికి అంత ఖరీదైన వస్తువు పంపిస్తారా మావయ్యా?

మైక్_మావయ్య
అమ్మమ్మ కిటికీ గురించి అలా రాసినవాడు వస్తువు పాడుచేయడు.

సూళ్లూరుపేట_కుర్రోడు
అమ్మమ్మని అడిగాను. "రాకెట్ చప్పుడు ఎవురికి కావాల" అని నవ్వింది, సరేనంది. ఏం చేయాలో చెప్పండి మావయ్యా.

మైక్_మావయ్య
లో కట్ అని ఒకటి ఉంటుంది, అది ఆపేసి ఉండాలి. ఆన్‌లో ఉంటే మనకి కావలసిన శబ్దమే కోసేస్తుంది. ఒక మైక్ కిటికీ గడియకి మూరెడు దూరంలో, ఇంకోటి గదిలో గూటికి ఎదురుగా. రెండూ దుప్పటి మడత మీద, నేల మీద నేరుగా వద్దు. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపాలి. గోడ గడియారం ఉంటే తీసి వేరే గదిలో పెట్టు, ఆ టిక్కుటిక్కు మనకి వినపడదు గానీ మైక్‌కి భలే ఇష్టం. గంట ముందే రికార్డింగ్ మొదలుపెట్టి ఇంక ముట్టుకోకు. నువ్వు మాత్రం గదిలో ఉండకు, మేడెక్కి రాకెట్ చూడు.

టైటస్‌విల్_తెలుగు
ఇక్కడ ఫొటోగ్రాఫర్లు కూడా అలాగే, ముందురోజే ప్యాడ్ దగ్గర కెమెరాలు పెట్టేసి వచ్చేస్తారు. రాకెట్ శబ్దానికి వాటంతటవే క్లిక్ అయ్యే సౌండ్ ట్రిగ్గర్ ఉంటుంది. 2018 మేలో కాలిఫోర్నియాలో నాసా ఫొటోగ్రాఫర్ బిల్ ఇంగల్స్ పెట్టిన కెమెరా ఒకటి గడ్డి అంటుకుని కరిగిపోయింది, ఫొటోలు ఉన్న కార్డు మాత్రం దక్కింది. కుర్రోడి మైక్‌కి ఆ భయం లేదు.

ట్రైపాడ్_రాజు
శబ్దం సంగతి పెద్దలకి వదిలేస్తున్నా. వీడియో గురించి నాకు తెలిసింది చెప్తాను, ఎందుకంటే రవి తీసిన దాంట్లో మంట తెల్ల ముద్దలా ఉంది. జీఎస్ఎల్‌వీ, ఎల్‌వీఎం-3, పీఎస్ఎల్‌వీ మూడింటిలోనూ కింద మండేది ఘన ఇంధనం, అందులో అల్యూమినియం పొడి ఉంటుంది, వెల్డింగ్ చేసినంత వెలుగు. ఫోన్ ముందున్న సాయంత్రం ఆకాశాన్ని చూసి వెలుగు సరిచేసుకుంటుంది, మంట రాగానే తేలిపోతుంది. ముందే ఎక్స్‌పోజర్ లాక్ చేసి బాగా కిందికి లాగాలి, చూస్తే చీకటిగా ఉండాలి, అప్పుడే మంట రంగు వస్తుంది. ఫోకస్ కూడా లాక్, లేకపోతే సరిగ్గా లేచే క్షణంలో మసకబారుతుంది, రెండుసార్లు పోగొట్టుకున్నాను.

జూమ్ మీద ఆశ పెట్టుకోవద్దు. జీఎస్ఎల్‌వీ ఎత్తు 51 మీటర్ల పైన. 17 కి.మీ. నుంచి 600 ఎంఎం లెన్స్ పెట్టినా ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ మీద దాని బొమ్మ 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పైగా నీళ్ల మీద ఎండ ఆవిరి, అంతా వణుకుతుంది. వెడల్పుగా పెట్టి, నీళ్లు, పక్షులు, జనం అందరూ పడేలా తీస్తే ఆ దూరానికి అదే అందం. డ్రోన్ మాట ఎత్తొద్దు, అక్కడ నిషేధం.

ఫిజిక్స్_టీచరమ్మ
రవి గారూ, ఆ రోజు గాలి ఎటునుంచి ఎటు?

రామంతపూర్_రవి
నా వీపు వైపు నుంచి మేడం. సూళ్లూరుపేట వైపు నుంచి సముద్రం వైపు. టోపీ రెండుసార్లు నీళ్లలో పడబోయింది.

ఫిజిక్స్_టీచరమ్మ
అదీ ఒక కారణమే. నేల దగ్గర గాలి నెమ్మదిగా, పైన వేగంగా ఉంటుంది. గాలికి ఎదురొచ్చే శబ్దం ఆ తేడాకి పైకి వంగిపోతుంది, మన తలల మీదుగా వెళ్లిపోతుంది. గాలి వాలున వచ్చే శబ్దం కిందికి వంగి మన దగ్గరికే దిగుతుంది. సముద్రం వైపు నుంచి గాలి తోలే రోజు ఊళ్లోకి బాగా వినిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ప్రయోగం పడితే మీకు మంచిది.

సూళ్లూరుపేట_కుర్రోడు
ఇది మా అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది మేడం. "గాలి ఇటు తిరిగితే ఇల్లంతా మోగతాది" అంటాది. మా ఊరు ప్యాడ్‌కి 23 కి.మీ., మీ లెక్క ప్రకారం 66 సెకన్లు కదా?

ఫిజిక్స్_టీచరమ్మ
సరిగ్గా. ఒక జాగ్రత్త, ఫోన్‌లో లైవ్ చూస్తూ లెక్క మొదలుపెట్టకు. అది మన దగ్గరికి చేరేసరికే చాలా సెకన్లు ఆలస్యం. మేడ మీద నుంచి వెలుగు చూసి మొదలుపెట్టు.

సూళ్లూరుపేట_కుర్రోడు
నవంబర్ 2 రాత్రి రాస్తున్నా. ఈరోజు సాయంత్రం 5:26కి ఎల్‌వీఎం-3 లేచింది, సీఎంఎస్-03 ఉపగ్రహాన్ని తీసుకొని. గాలి సముద్రం నుంచే.

ఆదివారం కాబట్టి వీధంతా పిల్లలే, వాళ్లని మేడ మీదికి పిలిచేశాను, కింద అరవకుండా. అమ్మమ్మ మాత్రం ఇంట్లోనే ఉంటానంది, మంచం మీద కదలకుండా కూర్చుంది. నేను పైనుంచి లెక్కపెట్టుకుంటా ఉంటే 66 దగ్గర కింద గడియలు కొట్టుకోవడం నాకు మేడ మీదికే వినిపించింది. ఫైల్ మావయ్యకి పంపాను.

మైక్_మావయ్య
విన్నాను. ఏమీ చేయలేదు, మొదలూ చివరా కోసి రవికి పంపాను, అంతే. నా పనిలో ఇంత శుభ్రమైన గది తక్కువసార్లు దొరికింది. 40వ సెకను దగ్గర అమ్మమ్మ గారు చిన్నగా దగ్గారు, అది తీయలేదు.

రామంతపూర్_రవి
రాత్రి 11 అయింది, నాన్న ఇప్పుడే పడుకున్నారు.

హెడ్‌ఫోన్ పెట్టగానే వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు, నేను చెప్పలేదు. మధ్యలో దగ్గు వినగానే "ఇంట్లో పెద్దావిడ ఉంది" అన్నారు. తర్వాత గడియ మోగింది. నాన్న కుడిచెయ్యి దానంతటదే లేచి పక్కనున్న గోడకి ఆనుకుంది, అరచెయ్యి మొత్తం ఆనించి ఉంచారు. మా పాత ఇంట్లో కిటికీ పక్క గోడకి అలాగే చెయ్యి పెట్టేవారని ఇప్పుడు గుర్తొచ్చింది నాకు. గ్లాసులు వచ్చినప్పుడు నవ్వారు.

అయిపోయాక మొదటి ప్రశ్న: "ఇది ఒక్కసారే వచ్చిందేంరా, రెండు దెబ్బలు లేవు?"

ఫిజిక్స్_టీచరమ్మ
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఎల్‌వీఎం-3 నేల మీద నుంచి లేచేది రెండు ఘన బూస్టర్లతోనే, ఒక్కోదాంట్లో 200 టన్నుల పైన ఇంధనం. రెండూ ఒకేసారి అంటుకుంటాయి. మధ్యలోని ద్రవ ఇంజన్లు దాదాపు రెండు నిమిషాల దగ్గర పైన ఆకాశంలో వెలుగుతాయి, వాటి మోత కిందికి రాదు. అందుకే ఒక్క దెబ్బ. చెవితో రాకెట్‌ని గుర్తుపట్టారు ఆయన.

టైటస్‌విల్_తెలుగు
ఆ ఫైల్ నాకూ కావాలి. మా పిల్లలకి మన ఇల్లు ఎలా మోగుతుందో వినిపిస్తాను.

రామంతపూర్_రవి
అమ్మమ్మ గారిని అడిగి పెడతాను. కుర్రోడా, ఆవిడకి ఏం ఇష్టమో చెప్పు, వచ్చే నెల నాన్నని తీసుకుని వస్తున్నాను.

సూళ్లూరుపేట_కుర్రోడు
పుల్లారెడ్డి స్వీట్లు అంటాది గాని షుగరుంది, తేవద్దన్నా. మనుషులొస్తే చాలు. మావయ్యా, రికార్డర్ తిరిగి పంపాలా, ఇంకోదానికి ఉంచాలా?

మైక్_మావయ్య
ఉంచు. ఈసారి జీఎస్ఎల్‌వీ పడితే ఆ రెండు దెబ్బలూ కిటికీతో పాటు కావాలి. బ్యాటరీలు మాత్రం తీసి పెట్టు, కారతాయి.